18 నిమిషాల వీడియో

మా నాన్న 34 ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ఎంతమందికి బేడీలు వేశాడో ఆయన దగ్గరే లెక్క లేదు. ఆయన చేతులకి మాత్రం మొదటిసారి బేడీలు పడింది అమెరికాలో, మా ఇంటికి రెండు వీధుల అవతల, పొద్దున ఏడున్నరకి.

పోయిన ఏడాది ఆగస్టులో అమ్మానాన్నా మా ఇంటికి వచ్చారు. కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్‌కి దగ్గర్లో ఒక చిన్న ఊరు మాది. ప్రకాశం జిల్లాలో ఉన్నప్పుడు పొద్దున్నే చెరువుకట్ట మీద నడవటం నాన్నకి అలవాటు. ఇక్కడ చెరువుకట్ట లేదు కాబట్టి వీధులన్నీ కొలిచేవాడు. అక్టోబరు వచ్చేసరికి చలి మొదలైంది. సూట్‌కేసు అడుగు నుంచి మంకీ క్యాప్ బయటికి తీశాడు. "అది పెట్టుకుని బయటికి పోకు నాన్నా" అన్నాను. "చెవుల్లోకి గాలి పోతే నువ్వు చూస్తావా?" అన్నాడు.

నేనొద్దన్నది ఊరికే కాదు. మాకు దగ్గర్లోనే అరోరా అనే ఊరుంది. 2019 ఆగస్టులో ఎలైజా మెక్లేన్ అనే 23 ఏళ్ళ కుర్రాడు అక్కడ షాపుకెళ్ళి ఇంటికి నడిచొస్తున్నాడు. రక్తహీనత వల్ల చలికి తట్టుకోలేడు, అందుకని ముఖానికి మాస్కు వేసుకున్నాడు. ఎవరో చూసి అనుమానంగా ఉన్నాడని 911కి ఫోన్ చేశారు. పోలీసులు మెడ నొక్కి పట్టుకున్నారు. తర్వాత వచ్చిన పారామెడిక్స్ కెటమిన్ మత్తుమందు ఎక్కించారు. కొన్ని రోజులకి చనిపోయాడు. మా ప్రాంతంలో ఉండేవాళ్ళు ఆ కథ మర్చిపోలేరు.

దానికంటే ముందు ఇంకో కథ ఉంది, అమెరికాలో ఉండే ఇండియన్లు చాలామందికి తెలుసు. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలోని మాడిసన్‌లో, కొడుకింటికొచ్చిన 57 ఏళ్ళ గుజరాతీ తాత పొద్దున్నే వీధిలో నడుస్తున్నాడు. ఎవరో ఫోన్ చేశారు, పోలీసులొచ్చారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. మాటా మాటా అర్థం కాకముందే ఒక ఆఫీసర్ ఆయన్ని కాలు తన్ని ముఖం మీద పడేశాడు. మెడ దెబ్బతిని ఒంట్లో కొంత భాగం చచ్చుబడింది. ఆ ఆఫీసర్ మీద క్రిమినల్ కేసు రెండుసార్లు విచారణకొచ్చింది. రెండుసార్లూ జ్యూరీ ఒక మాట మీదకి రాలేకపోయింది. చివరికి జడ్జి నిర్దోషి అని వదిలేశారు. అందుకే నాన్న జేబులో ఒక కాగితం పెట్టాను. పేరు, మా అడ్రసు, నా ఫోన్ నంబరు, ఈయనకి ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు అని ఒక ముక్క.

ఆ కాగితం కోసం జేబులో చెయ్యి పెట్టటమే కొంప ముంచింది.

ఆ రోజు నాన్న ఒక ఇంటి ముందు ఆగాడు. హాలోవీన్ కదా, వాళ్ళు గడ్డి మీద ఇంటి కప్పంత ఎత్తు అస్థిపంజరాన్ని నిలబెట్టారు. అమ్మకి చూపించాలని ఫొటో తీశాడు. బాగా రాలేదని ఇంకోటి తీశాడు. మంకీ క్యాప్ పెట్టుకున్న మనిషి ఇళ్ళలోకి తొంగిచూస్తూ ఫొటోలు తీస్తున్నాడని ఎవరో ఫోన్ చేశారు. కారొచ్చింది. నాకు ఫోన్ వచ్చేసరికి ఆయన ఫుట్‌పాత్ అంచు మీద కూర్చుని ఉన్నాడు, చేతులు వెనక్కి విరిచి బేడీలు. నేను చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. రెండో ఆఫీసర్, వయసులో పెద్దావిడ, ఆ కాగితం చదివి నాకు ఫోన్ చేసింది. బేడీలు తీసి సారీ అని, "హావ్ ఎ గుడ్ డే" అని వెళ్ళిపోయారు.

మణికట్టు వారం రోజులు వాచింది. నాన్న మాట్లాడలేదు. నాకంటే అమ్మకి ఎక్కువ కోపం వచ్చింది. "అడగాల్సిందే. ఆయనేం దొంగా?" అని పప్పు కుక్కర్ ముందు నిలబడి మూడు పూటలా అదే మాట. నాన్న మాత్రం "హెచ్ వన్ మీద ఉన్న పిల్ల, పోలీసులతో గొడవెందుకు" అన్నాడు. ఇంట్లో ఎప్పుడూ ఇంతే, పోలీసు నాన్న, వాదించేది అమ్మ.

అడగాలంటే ఎవర్ని అడగాలి? నేను లాయర్ని కాను, రోజంతా కోడ్ రాసుకునేదాన్ని. కాకపోతే ఏదైనా ఎలా పనిచేస్తుందో తెలుసుకోకపోతే నిద్రపట్టదు. వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుని చదివాను.

అమెరికాలో ప్రభుత్వ ఉద్యోగి నీ రాజ్యాంగ హక్కుల్ని కాలరాస్తే అతని మీద కేసు వెయ్యొచ్చని 1871లోనే ఫెడరల్ చట్టం వచ్చింది. బానిసత్వం పోయాక దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళ మీద కూ క్లక్స్ క్లాన్ దాడులు చేస్తుంటే స్థానిక అధికారులు పట్టించుకోలేదని తెచ్చిన చట్టం అది. చదివితే దాంట్లో పోలీసుకి మినహాయింపు ఎక్కడా కనపడదు. మినహాయింపుని తర్వాత సుప్రీంకోర్టు తెచ్చి పెట్టింది, 1967లో కొంత, 1982లో ఇంకాస్త గట్టిగా. దాని పేరే క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ. ఆఫీసర్ చేసింది తప్పే అయినా, అది తప్పని అంతకుముందే స్పష్టంగా తేలి ఉంటేనే నష్టపరిహారం కేసు నడుస్తుంది. తేలి ఉండటం అంటే దాదాపు అలాంటి సంఘటన మీదే పాత తీర్పు ఒకటి ఉండాలన్నమాట.

వినటానికి బాగానే ఉంది, తెలియని రూలుకి శిక్షేంటి అని. ఆచరణలో ఎలా ఉందో చూడండి. ఒక మనిషి చేతులు పైకెత్తి కూర్చుని ఉంటే టెనెసీలో పోలీసులు కుక్కని వదిలారు. పడుకుని లొంగిపోయినవాడి మీదకి కుక్కని వదలకూడదని పాత తీర్పు ఉంది. కానీ ఇతను పడుకోలేదు, కూర్చున్నాడు. కాబట్టి 2018లో అప్పీల్ కోర్టు రక్షణ ఇచ్చింది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో సోదాకి వెళ్ళిన పోలీసులు 2,25,000 డాలర్లకి పైగా దొబ్బేశారని కేసు. వారంటుతో సోదా చేస్తూ సొత్తు దొంగిలిస్తే అది రాజ్యాంగ ఉల్లంఘన అని ముందే స్పష్టంగా తేలలేదని 2019లో కోర్టు అంది. దొంగతనం తప్పని చెప్పటానికి కూడా పాత తీర్పు కావాలట!

మా ఆఫీసు భాషలో చెప్తాను. ఎవరైనా బగ్ రిపోర్టు చేశారనుకోండి. "ఇదే స్క్రీన్‌లో, ఇదే బటన్ నొక్కితే, ఇదే బగ్ ఇంతకుముందు వచ్చినట్టు టికెట్ ఉందా? లేదా? అయితే మూసెయ్" అన్నట్టుంది. అంతకంటే ఘోరం ఇంకోటుంది. అసలు హక్కుకి భంగం కలిగిందో లేదో తేల్చకుండానే, పాత తీర్పు లేదు కాబట్టి రక్షణ అని కేసు ముగించొచ్చని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఈసారి కూడా టికెట్ తయారవదు. రేపు ఇంకొకడికి అదే జరిగితే వాడికీ పాత తీర్పు దొరకదు.

అలబామా తాత విషయంలో అదృష్టం బాగుంది, జడ్జి ఆఫీసర్‌కి రక్షణ ఇవ్వలేదు. ఆఫీసర్ అప్పీలుకెళ్ళాడు. 2020లో అప్పీల్ కోర్టు కూడా కాదంది. అంటే కేసు విచారణ దాకా వెళ్ళొచ్చా అన్న ఒక్క ప్రశ్నకే ఐదేళ్ళు పట్టింది. ఒంట్లో కొంత భాగం చచ్చుబడిన మనిషికి ఐదేళ్ళు!

ఇప్పుడు మా రాష్ట్రం సంగతి. 2020 మేలో మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక డెన్వర్‌లో జనం రోజూ అసెంబ్లీ భవనం ముందే ఉన్నారు. నెల తిరక్కుండానే, జూన్ 19న గవర్నర్ జారెడ్ పోలిస్ కొత్త చట్టం మీద సంతకం పెట్టారు. ఒక రాష్ట్రం ఫెడరల్ రూలుని రద్దు చెయ్యలేదు. అది సుప్రీంకోర్టో, కాంగ్రెసో చెయ్యాలి. కొలరాడో చేసిన పని వేరే తలుపు తెరవటం. రాష్ట్ర రాజ్యాంగంలో కూడా హక్కులున్నాయి కదా, వాటిని పోలీసు ఉల్లంఘిస్తే రాష్ట్ర కోర్టులో కేసు వెయ్యండి, అక్కడ క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అనే మాట చెల్లదు అంది. రెండేళ్ళలోపు వెయ్యాలి. గెలిస్తే లాయరు ఫీజు కూడా అవతలి పక్షమే ఇచ్చుకోవాలి. ఫెడరల్ ఏజెంట్లకి మాత్రం ఇది వర్తించదు, అంటే ఐస్ వాళ్ళతో గొడవ వస్తే ఈ తలుపు పనికిరాదు.

ఇదంతా ఒక రాత్రి నాన్నకి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "ఇట్లా అయితే రేపు ఫోనొస్తే పొయ్యేదెవడు? జీతగాడు ఇల్లు అమ్ముకోవాల్నా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే, మా రాష్ట్రంలో పోలీసు సంఘాలు అడిగిందీ అదే. జోఅన్నా ష్వార్ట్జ్ అని యూసీఎల్ఏలో లా ప్రొఫెసర్ ఉన్నారు. 2006 నుంచి 2011 దాకా పెద్ద పెద్ద పోలీసు శాఖల మీద కేసుల్లో చెల్లించిన సొమ్ము లెక్క తీసి 2014లో ప్రచురించారు. అందులో ఆఫీసర్లు సొంతంగా కట్టింది 0.02 శాతం. మిగతాదంతా ఊరి డబ్బే. కొలరాడో చట్టంలోనూ నష్టపరిహారం కట్టేది ఆఫీసర్‌ని పెట్టుకున్న ఊరే. తను చేసేది చట్టబద్ధమేనన్న సహేతుకమైన నమ్మకం ఆఫీసర్‌కి లేదని తేలితే మాత్రం అతను కొంత కట్టాలి. అదీ తీర్పు సొమ్ములో 5 శాతం లేదా 25,000 డాలర్లు, ఏది తక్కువైతే అది. అదీ కట్టలేకపోతే మళ్ళీ ఊరే కడుతుంది. పక్కనున్న న్యూ మెక్సికో 2021లో ఇంకోలా చేసింది. అక్కడ ఉద్యోగి మీద అసలు కేసే ఉండదు, ప్రభుత్వ సంస్థ మీదే వెయ్యాలి, 2021 చట్టంలో పెట్టిన పరిమితి 20 లక్షల డాలర్లు. అదే ఏడాది అయోవా రాష్ట్రం పూర్తిగా తలకిందులుగా వెళ్ళి, రాష్ట్ర చట్టంలోనే పోలీసుకి క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ రాసిపెట్టింది. ఒకే దేశం, కారులో ఒక రోజు ప్రయాణంలో మూడు న్యాయాలు.

"మన దగ్గరెట్లుందో చదివినావా?" అని అడిగాడు నాన్న. చదివాను. కస్తూరిలాల్ కేసు చెప్పాను. 1947లో మీరట్‌లో పోలీసులు ఒక వ్యాపారి బంగారం పట్టుకుని స్టేషన్‌లో పెట్టారు. హెడ్ కానిస్టేబుల్ దాన్ని ఎత్తుకుని పాకిస్తాన్ పారిపోయాడు. అరెస్టు, స్వాధీనం సార్వభౌమాధికారం కింద చేసే పనులు కాబట్టి ప్రభుత్వం కట్టక్కర్లేదని 1964లో మన సుప్రీంకోర్టు తీర్పు. హెడ్ కానిస్టేబుల్ అనగానే నాన్న చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఆ తర్వాత 1993లో నీలావతి బెహరా కేసులో, కస్టడీలో మనిషి చనిపోతే ప్రభుత్వం పరిహారం ఇవ్వాల్సిందేనంది కోర్టు. అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో 1977లో బాంబులేసి ఖైదీని చంపిన కేసులోనూ 2000లో అదే మాట. కానీ పెద్ద అధికారి మీద క్రిమినల్ కేసు పెట్టాలంటే ఇప్పటికీ ప్రభుత్వ అనుమతి కావాలి. కొత్త చట్టంలో 120 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే అని రాశారు. "120 రోజులా!" అని మళ్ళీ నవ్వాడు.

కొలరాడో చట్టంలో నన్ను కట్టిపడేసింది మాత్రం డబ్బు కాదు, వీడియో. ప్రతి ఆఫీసర్ ఒంటి మీదా కెమెరా ఉండాలి. ప్రవర్తన మీద ఫిర్యాదు చేసి వీడియో అడిగితే, ఎడిట్ చెయ్యకుండా 21 రోజుల్లో ఇవ్వాలి. నాన్నకి చెప్పకుండా, అమ్మ సాక్షిగా, ఫిర్యాదు పెట్టేశాను. 19వ రోజు లింకు వచ్చింది.

నేను ఒక్కదాన్నే చూద్దామనుకున్నాను. అమ్మ నోరు ఆగదు కదా, చెప్పేసింది. నాన్న వచ్చి సోఫాలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి అర నిమిషం శబ్దం ఉండదు, ఈ కెమెరాల పద్ధతే అంతట. కారు అద్దంలోంచి దూరంగా మంకీ క్యాప్ పెట్టుకున్న చిన్న మనిషి, ఎదురుగా పెద్ద అస్థిపంజరం. ఫోను పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడు, అస్థిపంజరం తలకాయ ఫొటోలో పడటానికి. తర్వాత శబ్దం మొదలైంది.

నేను ఏడుస్తున్నాను. ఆయన మాత్రం డ్యూటీలో ఉన్నట్టు చూస్తున్నాడు. "ఆపు. వెనక్కి పో" అంటున్నాడు. "చూడు, కారు దిగటమే చెయ్యి తుపాకీ మీదేసుకుని దిగినాడు. చేతులు చూపించమన్నాడు, నాకర్థం కాలా, జేబులో పెట్టినా. ఆడ నాది తప్పు." ఇంకాస్త ముందుకెళ్ళాక, "బేడీకి రెండో లాక్ వెయ్యలేదు చూడు. అది వెయ్యకపోతే కదిలే కొద్దీ బిగుసుకుంటాది. అందుకే వాచింది. ఎవరూ నేర్పలేదా వీడికి?" మొత్తం 18 నిమిషాలు. 11వ నిమిషంలో కెమెరా దగ్గరగా ఆ ఆఫీసర్ ఊపిరి వినిపిస్తుంది, గబగబా తీసుకుంటున్నాడు. నాన్న ఆపమన్నాడు. "పిల్లోడు భయపడ్డాడమ్మా. నాకంటే ఎక్కువ భయపడ్డాడు."

నాకు ఒళ్ళు మండింది. "నాన్నా, నువ్వెవరి పక్షం?"

జవాబు చెప్పలేదు. వీడియో అయిపోయాక చాలాసేపటికి, అమ్మ పడుకున్నాక, ఒక విషయం చెప్పాడు. నేను పుట్టిన కొత్తల్లో ఆయన పనిచేసిన స్టేషన్‌కి ఒక లారీ క్లీనర్‌ని తెచ్చారు, బ్యాటరీ దొంగతనమని. నాలుగు తగిలించమని ఎస్సై చెప్పాడు. నాన్న తగిలించాడు. మర్నాడు బ్యాటరీ ఇంకెక్కడో దొరికింది. ఆ క్లీనర్‌ని పంపించేశారు. "తర్వాత వాడు స్టేషన్ ముందు నుంచి పొయ్యేటప్పుడల్లా నన్ను చూసి దండం పెట్టేవాడు" అన్నాడు నాన్న. "మూడేళ్ళు పెట్టినాడు. నాకు ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా."

కాసేపాగి, "వాడికి వీడియో లేదు కదా" అన్నాడు.

మా నాన్న మంచివాడని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. లంచం ముట్టలేదు, నిజమే. ఆ రాత్రి ఆయన ముఖం వైపు చూడటం నాకు కష్టమైంది. చట్టం చదువుతున్నన్నాళ్ళూ నా బుర్రలో బాధితుడి కుర్చీలో నాన్న, ఎదుటి కుర్చీలో ఎవరో తెల్ల కుర్రాడు. ఒకే మనిషి రెండు కుర్చీల్లోనూ కూర్చోగలడని నేను అనుకోలేదు.

డిసెంబరులో ఫిర్యాదుకి జవాబొచ్చింది. ఆపటం, పట్టుకోవటం నిబంధనల ప్రకారమే ఉన్నాయి, బేడీకి రెండో లాక్ వెయ్యకపోవటం నిబంధనలకి విరుద్ధం, ఆఫీసర్‌కి మళ్ళీ శిక్షణ ఇచ్చాం అని. నాన్న ఆ రెండో ముక్క నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. ఆయన పట్టుకున్న తప్పునే వాళ్ళూ ఒప్పుకున్నారు మరి.

ఒక లాయర్ని కలిశాం. ఆవిడ మొహమాటం లేకుండా చెప్పింది. ఫెడరల్ కోర్టులో అయితే ఇలాంటిదే పాత తీర్పు చూపించమంటారు, అక్కడే ఆగిపోవచ్చు. రాష్ట్ర కోర్టులో ఆ ప్రశ్న రాదు, కానీ ఆఫీసర్ చేసింది అసమంజసమని మనమే నిరూపించాలి. జేబులో చెయ్యి పెట్టటం వాళ్ళకి అనుకూలం. ఎముక విరగలేదు, 18 నిమిషాలు, జ్యూరీ పెద్దగా ఇవ్వకపోవచ్చు. ఇష్టమైతే వేద్దాం, టైముంది అంది. నాన్నని అడగమంటే అనువాదం చేసి అడిగాను. "డబ్బు వద్దు. ఆ పిల్లోడు ఎదురుగా కూర్చుని, ఎందుకట్లా చేశావంటే చెప్పాలి. అట్లా కుదురుద్దా?" అన్నాడు. కేసు వేస్తే అతన్ని ప్రమాణం చేయించి ప్రశ్నలు అడగొచ్చు, డిపొజిషన్ అంటారు, మీరూ ఆ గదిలో కూర్చోవచ్చు అంది ఆవిడ. నాన్న తలూపాడు. వెయ్యమని అనలేదు, వద్దని కూడా అనలేదు.

జనవరిలో వాళ్ళు వెళ్ళిపోయారు. గడువు వచ్చే ఏడాది అక్టోబరు దాకా ఉంది. నా వీసా గురించి నాకూ భయమే, ఆ మాట ఒప్పుకుంటాను. లాయరు పంపిన కాగితాలు డ్రాయర్‌లో ఉన్నాయి.

పోయిన ఆదివారం ఫోన్‌లో అమ్మ చెప్పింది, ఆయన నడకకి పోవటం మానేశాడని. తర్వాత నాన్న తీసుకున్నాడు. మోకాలు నొప్పి అన్నాడు. ఆ లారీ క్లీనర్ ఊరు గుర్తొచ్చిందట, పెద్ద దూరం కాదట, ఒకసారి పోయి రావాలని ఉందట. "పోయి ఏమంటావు నాన్నా?" అన్నాను.

"ఏమో" అన్నాడు. "ఆ వీడియో ఉంచినావా, తీసేసినావా?"

"ఉంచాను."

"ఉంచు."